శాంతమ్మ వెనక్కి తీసుకున్న పాపం

కొలెస్ట్రాల్ అనే మాట శాంతమ్మ ఇంట్లోకి 1995లో, ఆమె భర్త దానియేలు గుండెనొప్పితో పాటు వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ అందరి నెత్తినా ఎక్కి పెత్తనం చేసింది. నేతిడబ్బా పక్క క్వార్టరుకి వెళ్ళిపోయింది. మాంసం క్రిస్మసుకీ ఈస్టరుకీ మిగిలింది. గుడ్డు ఉడికిస్తే తెల్లసొన మనుషులకి, పచ్చసొన రైల్వే కాలనీ పిల్లికి. రెండేళ్ళు తిరక్కుండా ఆ పిల్లి గోడ ఎక్కలేనంత బలిసింది. దానియేలు మాత్రం రక్తపరీక్ష కాగితం పట్టుకుని, అందులో రెండువందల అరవై అన్న అంకె కేసి దొంగని చూసినట్టు చూస్తూ వరండాలో కూర్చునేవాడు.

దానియేలు రాయపూర్ నుంచి ధంతరీ పోయే న్యారోగేజి చిన్నలైను మీద ముప్ఫై ఆరేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. తెలీబంధా స్టేషన్లో నిలబడి, వచ్చే బండి డ్రైవరు చేతికి టోకెను అందించడం అతని పని. ఆ లైనుకి రాకపోకలకి ఒకటే పట్టాల దారి. టోకెను చేతికి అందితేనే ముందు దారి ఖాళీ అని అర్థం, అది అందనిదే డ్రైవరు బండి కదపకూడదు. బొబ్బిలి పక్క నుంచి వచ్చి రాయపూర్‌లో పాతుకుపోయిన కుటుంబం. కొడుకు పాల్ గూడ్సు బండి గార్డు. నెలలో ఇరవై రోజులు లైను మీదే ఉంటాడు, ఇప్పుడున్న క్వార్టరు అతని పేరు మీదే వచ్చింది. కోడలు రత్నకుమారి పరాయిపిల్ల కాదు, శాంతమ్మ సొంత అన్న కూతురు. దేవేంద్ర నగర్‌లో ఒక నర్సింగ్ హోములో నర్సు. ఆ ఇంట్లో మేనరికం కొత్త కాదు, శాంతమ్మా దానియేలూ కూడా మేనబావ మేనమరదళ్ళే.

1996 డిసెంబరులో రత్నకుమారికి ఆడపిల్ల పుట్టింది. తల చిన్నది, కనురెప్పలు సగం వాలి ఉన్నాయి, అంగిలి చీలి ఉంది. చనుబాలు చప్పరించే ఓపిక కూడా లేదు. నర్సమ్మ కాబట్టి రత్న ఏడుస్తూ కూర్చోలేదు, సన్నటి గొట్టం ముక్కులోంచి కడుపులోకి వేసి పాలు పట్టడం మొదలుపెట్టింది. శాంతమ్మ పిల్ల కాళ్ళకి చుట్టిన గుడ్డ విప్పింది. రెండు పాదాల్లోనూ బొటనవేలి పక్క రెండు వేళ్ళూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఆమె గబగబా గుడ్డ చుట్టేసి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

ఆ పాదాన్ని ఆమె ముందొకసారి చూసింది.

అది 1958 జూన్. శాంతమ్మకి పద్దెనిమిదేళ్ళు. మొదటి కాన్పు, మగపిల్లవాడు. ఇదే చిన్న తల, ఇవే అతుక్కున్న వేళ్ళు. తొమ్మిది రోజులు బతికాడు. నలభయ్యో రోజున సంఘం ఎదట శిశుప్రతిష్ఠ చేసి పేరు పెట్టడం వాళ్ళ ఆచారం, అంతవరకు పిల్ల దేవుని దగ్గర లెక్కకి రాదన్నట్టు నడిపేవారు పెద్దలు. కాలనీ చివర రేకుల కప్పుతో ఒక చిన్న తెలుగు మందిరం ఉంది. పాస్టరు గారు నెలకో ఆదివారం తిల్దా నుంచి బండెక్కి వస్తారు, మిగతా రోజుల్లో పెద్దలదే మాట. పేరు లేని బిడ్డకి సమాధుల తోటలో గోడ లోపల చోటు లేదన్నారు పెద్దలు. పైగా బిడ్డ మీద గుర్తు ఉంది కదా, గుర్తు ఉందంటే కారణం ఉంటుంది, తల్లి నిలబడి ఒప్పుకుంటే దయ తలుస్తాం అన్నారు. బయట జూన్ నెల ఎండ. చేటలో బిడ్డ. సాయంత్రం దాకా ఆగే పరిస్థితి కాదు.

ఏం ఒప్పుకోవాలి? పద్దెనిమిదేళ్ళ పిల్లకి పాపం ఎక్కడ దొరుకుతుంది? వెతుక్కుంది పాపం. చైత్రమాసంలో వీధిలో అమ్మవారి మాతా జవారా ఊరేగింపు వెళ్తుంటే ఆడవాళ్ళు నెత్తిన మొలకల కుండలు పెట్టుకుని పోవడం కిటికీలోంచి చూసింది. చూసిన మాట నిజం. చూడటం ఒక్కటీ సరిపోదేమోనని, దానికి ఒక కొబ్బరిముక్క తనే కలిపింది. ప్రసాదం కొబ్బరి తిన్నాను, కడుపుతో ఉండి నోరు కట్టుకోలేకపోయాను, క్షమించండి అని పది మంది ఎదట చెప్పింది. పాతికేళ్ళ ఏలియా అప్పుడు సంఘానికి కార్యదర్శి. సంఘం పుస్తకంలో ఆ మాటలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. దానియేలు గోడకి ఆనుకుని కిందకి చూస్తూ నిలబడ్డాడు. నోరు విప్పలేదు. పొద్దు వాలకముందే బిడ్డకి గోడ లోపల మూడడుగుల చోటు దొరికింది.

ఆ చోటుకి ఆమె చెల్లించిన ధర మాత్రం ఆ ఒక్క అబద్ధంతో తీరలేదు. ఆ రోజు నుంచీ ఆమె పేరు కొబ్బరి శాంతమ్మ. మందిరంలో ఆమె చాప తలుపు పక్కన, చెప్పుల దగ్గర. స్త్రీల కూటంలో ప్రార్థన చెయ్యమని ఎవరూ అడగరు. కాలనీలో కొత్తగా వచ్చిన పిల్లలకి కూడా ఆ పేరే తెలుసు, కారణం తెలియదు. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో కొబ్బరి పచ్చడి నూరలేదు.

పిల్లకి రెండు నెలలు నిండాయి, బరువు మాత్రం పెరగలేదు. రత్న పనిచేసే చోటికే కొత్తగా వచ్చిన పిల్లల డాక్టరు గురునాథం ఆ పాదాల్ని, ఆ రెప్పల్ని చాలాసేపు చూశాడు. భిలాయిలో పుట్టి పెరిగిన తెలుగువాడు. రక్తం తీయించి, కొలెస్ట్రాల్ ఎంతుందో చూసి రమ్మన్నాడు. ల్యాబులో మనిషి కాగితం చేతిలో పెడుతూ నవ్వాడు.

“ముప్ఫై ఒకటే వచ్చిందండీ. మెషీన్ ఖరాబైందేమోనని రెండుసార్లు చేశాను. ఇంత మంచి రిపోర్టు నేనెప్పుడూ చూళ్ళేదు!”

దానియేలుకి ఒక్క క్షణం కుళ్ళు కూడా పుట్టింది, తన రెండువందల అరవై గుర్తొచ్చి. గురునాథం మాత్రం నవ్వలేదు. రెండు కుర్చీలు లాగి ముసలివాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టాడు.

“దానియేలుగారూ, మీరు రైల్వేలో ఏం చేసేవారు?” అని అడిగాడు.

చెప్పాడు.

“అచ్ఛా. అయితే మీకు చెప్పడం ఈజీ. కడుపులో పిల్ల తయారవుతున్నప్పుడు ఒక్కో చోటికి ఒక్కో కబురు వెళ్తుందండీ. ఇక్కడ వేళ్ళు విడిపోవాలి, ఇక్కడ అంగిలి మూసుకోవాలి, మెదడు ఇలా ఎదగాలి అని. ఆ కబురు సరిగ్గా చేరాలంటే దానికి ఒక కొలెస్ట్రాల్ తగిలించి పంపాలి. మీ టోకెను లాగే. ఒంట్లో ప్రతి కణానికీ గోడ కట్టాలన్నా అదే కావాలి. ఈ పాపకి దాన్ని తయారుచేసుకునే శక్తి లేదు. టోకెను తయారుకాలేదు, బళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.”

దానియేలు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, చిన్నపిల్లవాడు పాఠం వింటున్నట్టు విన్నాడు. “అది మంచిది కాదనే కదా బాబూ ఇంటిల్లిపాదీ ఒగ్గీసినాం,” అన్నాడు చివరికి.

“మీ వయసులో, మీ గుండెకి ఎక్కువైతే మంచిది కాదు. తయారవుతున్న మనిషికి అది లేకపోతే అసలు కుదరదు.”

శాంతమ్మ కుర్చీలో ముందుకి జరిగి అడిగింది. రెండు నెలలుగా ఆమెని తినేస్తున్న మాట అదే. “బాబూ, కడుపుతో ఉన్నప్పుడు రత్నకి కూడా నేను పచ్చసొన పెట్టనేదు. పిల్లికేసినాను. దానికేనా ఇలగయ్యింది?”

“కాదమ్మా. బిల్కుల్ కాదు. పిల్ల తనకి కావలసింది చాలావరకు తనే చేసుకుంటుంది, తల్లి పళ్ళెంలోంచి రాదు. తయారుచేసే విధానం అమ్మ దగ్గర్నుంచి ఒకటి, నాన్న దగ్గర్నుంచి ఒకటి వస్తుంది. రెండూ చెడిపోయినవే వచ్చాయి ఈ పాపకి. పెళ్ళిళ్ళు ఇంట్లోవాళ్ళ మధ్యే జరిగాయి కదా, ఒకే తప్పు అటూ ఇటూ దాక్కుని ఉంటుంది. ఎవరూ చేసింది కాదు. నాలుగేళ్ళ కిందటే బయటి దేశాల్లో దీని మూలం కనిపెట్టారు. నేను బొంబాయికి శాంపిల్ పంపుతాను, కానీ నాకు అనుమానం లేదు.” కొంచెం ఆగి అడిగాడు. “ఇంతకుముందు మీ ఇంట్లో ఇలాంటి పిల్లలెవరైనా పుట్టారా?”

దానియేలు నేల చూశాడు.

“నేదు,” అంది శాంతమ్మ.

ముప్ఫై తొమ్మిదేళ్ళ అలవాటు. అబద్ధం ఆమె కన్నా ముందు నోట్లోంచి దూకింది.

మందు ఏమిటంటే పచ్చసొన. అవును, పిల్లికి వేసిన పచ్చసొనే. గట్టిగా ఉడికించి, మెత్తగా రుద్ది, పాలలో కలిపి, పలచటి గుడ్డలో వడగట్టి, మూడు గంటలకోసారి గొట్టంలోంచి పంపాలి. అతుక్కున్న వేళ్ళు దాంతో విడిపోవు, తల పెరగదు, కడుపులో తప్పిపోయిన బండి ఇప్పుడు పట్టాలెక్కదు అని గురునాథం దాచకుండా చెప్పాడు. బరువు మాత్రం పెరగొచ్చు, చిరాకు తగ్గొచ్చు, మనుషుల్ని చూడొచ్చు, నవ్వొచ్చు అన్నాడు. ఎండ మాత్రం తగలనివ్వద్దన్నాడు, ఈ పిల్లల చర్మం ఇట్టే కందిపోతుందట. పది రోజుల్లో పిల్ల పావుకిలో పెరిగింది. పదిహేనో రోజున దానియేలు చూపుడువేలు పట్టుకుని వదల్లేదు. దానియేలు ఆ వేలు అలాగే ఉంచుకుని భోజనం ఎడమచేత్తో తిన్నాడు. పిల్లి వారం రోజులు గుమ్మంలో కూర్చుని అరిచి, ఇంకో ఇల్లు చూసుకుంది.

ఇంతలో శ్రమదినాలు వచ్చాయి. ఈస్టరు ముందు నలభై రోజులూ ఆ సంఘంలో ఎవరూ మాంసం ముట్టరు, గుడ్డు ముట్టరు. రెండో వారంలో ఒక సాయంత్రం ఏలియా వచ్చాడు. ఇప్పుడతను సంఘపెద్ద. ఏలియా దుర్మార్గుడు కాడు. అర్ధరాత్రి చావుకబురు వచ్చినా సైకిలెక్కి వెళ్ళే మనిషి, ఎవరి జీతం ఆగినా వాళ్ళింట్లో బియ్యం సంచీ దింపే మనిషి. చిక్కంతా ఆ మంచితనంతోనే వచ్చింది. చెడ్డవాడైతే ఎప్పుడో ఎవరో ఒకరు ఎదురు తిరిగేవారు.

గుమ్మంలోనే అతనికి ఉడికిన గుడ్డు వాసన తగిలింది. మొహం చిట్లించాడు. కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

“రత్నమ్మా, నలభై దినాలు దాటినాయి, ఎనభై దినాలూ దాటినాయి. బిడ్డని దేవుని సన్నిధికి తేనేదు నువ్వు. సంఘం అడుగుతున్నాది. తేవాలంటే ముందు పద్ధతొకటి ఉన్నాది కదా. ఇలాటి గుర్తుతో పుట్టిన బిడ్డని ఊరికే ఎత్తీసుకోలేం. వచ్చే ఆదివారం నువ్వు నిలబడి మనసులో ఉన్నది ఒప్పుకో. ఆ వెనక ప్రతిష్ఠ చేసుకుందాం, పేరు పెట్టుకుందాం.”

“నా మనసులో ఏమీ లేదు పెద్దయ్యగారూ,” అంది రత్న. “డాక్టరు చెప్పాడు, ఇది రక్తంలో...”

“డాక్టరు దేహం సంగతి సెప్తాడు. నేను ఆత్మ సంగతి అడుగుతున్నాను. బిడ్డకి ఆరోగ్యం అంతంతమాత్రం. రేపేదైనా జరిగితే గోడ బయట పెట్టుకుంటావేటమ్మా? నేను నీ మంచికే సెప్తున్నాను.”

ఆ గోడ మాట విన్నప్పుడు శాంతమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది. ఏలియా పిల్ల తల మీద చెయ్యి పెట్టి, నిజంగానే కళ్ళలో నీళ్ళు పెట్టుకుని ప్రార్థన చేసి వెళ్ళాడు.

వంటింట్లో అత్తాకోడళ్ళు ఇద్దరే మిగిలారు. రత్న మూడు నెలలుగా కంటినిండా నిద్రపోలేదు. నర్సింగ్ హోములో పది మంది పిల్లలకి సూదులు వేసి వచ్చి, ఇంట్లో మూడు గంటలకోసారి గొట్టం పట్టుకునే మనిషి. పొయ్యి గట్టుకి చేరగిలబడి, అలిసిన గొంతుతో అడిగింది.

“అత్తా, ఏం చెప్తే ఊరుకుంటారు వీళ్ళు? చిన్నదేదైనా ఉంటే చెప్పు, చెప్పేస్తాను. పెళ్ళికి ముందు సినిమాకి వెళ్ళానని చెప్పనా? కడుపుతో ఉన్నప్పుడు గణేశుడి పందిట్లో లడ్డూ తిన్నానని చెప్పనా? తినలేదు అనుకో. కానీ పని అయిపోతుంది కదా.”

శాంతమ్మ రత్న మొహంలోకి చూసింది. అదే పొయ్యి గట్టు కాదు, అదే క్వార్టరు కాదు, కానీ అదే అమ్మాయి. పాపం కోసం వెతుక్కుంటున్న అమ్మాయి. ముప్ఫై తొమ్మిదేళ్ళు చెప్పుల పక్కన చాప మీద కూర్చున్నప్పుడు రాని కోపం ఆమెకి అప్పుడు వచ్చింది.

“ఏదీ సెప్పకు. ఒక్క ముక్క సెప్పినావంటే నా మీద ఒట్టు,” అంది. “కూకో. నీకొక మాట సెప్తాను.”

చెప్పింది. బిడ్డ, చేట, జూన్ ఎండ, కిటికీ, తినని కొబ్బరిముక్క, అన్నీ. సొంత మేనకోడలికి, కొడుకు భార్యకి, పదకొండేళ్ళుగా ఒకే వంటింట్లో తిరుగుతున్న మనిషికి మొదటిసారి చెప్పింది.

“డాక్టరు అడిగితే లేదన్నావు కదత్తా.”

“అబద్ధం అలవాటైపోనాది.”

మర్నాడు పొద్దున్నే శాంతమ్మ ఒక్కతే రిక్షా ఎక్కి దేవేంద్ర నగర్ వెళ్ళి, డాక్టరు గది ముందు నిలబడి, లోపలికి పిలిచే దాకా ఆగలేక గుమ్మంలోంచే చెప్పేసింది. గురునాథం ఆమెని కూర్చోబెట్టి వేళ్ళ గురించి, రెప్పల గురించి, ఎన్ని రోజులు బతికాడని అడిగాడు. ఇప్పుడు పరీక్ష చేసి చెప్పలేం గానీ ఇదే అయ్యుంటుందమ్మా, దాదాపు ఇదే, అన్నాడు.

“నేను ఆ కొబ్బరిముక్క నిజంగా తినుంటే?” అని అడిగింది శాంతమ్మ.

“బస్తా కొబ్బరికాయలు తిన్నా ఇదే జరిగేది. ఒక్కటీ తినకపోయినా ఇదే జరిగింది.”

ఆమె లేచి నిలబడి, ఆ కుర్రాడికి రెండు చేతులూ జోడించి బయటికి వచ్చింది. రిక్షావాడితో బజారు మీదుగా పొమ్మంది. ఒక కొబ్బరికాయ కొంది. ఆ మధ్యాహ్నం ఇంట్లో కొబ్బరి పచ్చడి నూరింది. దానియేలు పళ్ళెంలో పచ్చడి చూసి, భార్య మొహం చూసి, కలుపుకుని తిన్నాడు. కొబ్బరిలో కొలెస్ట్రాల్ ఉంటుందా అని కూడా అడగలేదు.

ఆదివారం. మార్చి ఎండ పొద్దున్న తొమ్మిదింటికే చురుక్కుమంటోంది. పిల్ల మీద గొడుగు పట్టుకుని రత్న, పక్కన శాంతమ్మ, వెనకాల స్టీలు డబ్బా పట్టుకుని దానియేలు మందిరానికి నడిచారు. డబ్బాలో పదకొండు గంటల పచ్చసొన పాలు. పాల్ ఎప్పట్లాగే లైను మీద ఉన్నాడు. మందిరంలో ఆడవాళ్ళు కుడిపక్క, మగవాళ్ళు ఎడమపక్క. శాంతమ్మ తన చోటుకి వెళ్ళలేదు. కోడలి పక్కన ముందువరసలో కూర్చుంది. వెనక గుసగుసలు మొదలయ్యాయి, ఆమె తిరిగి చూడలేదు.

పాటలయ్యాయి, వాక్యం అయ్యింది. ఏలియా బల్ల దగ్గరికి వచ్చి, “మన బిడ్డ రత్నకుమారి సంఘం ఎదట ఒక మాట సెప్పుకుంటాది,” అన్నాడు.

రత్న లేవబోయింది. శాంతమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి కిందకి నొక్కింది. పిల్లని తన చేతుల్లోకి తీసుకుని తనే లేచింది.

“శాంతమ్మా, ఈ దినం నీది కాదు,” అన్నాడు ఏలియా.

“నాదే అన్నియ్యా. యాభై ఎనిమిదిలో ఇక్కడే నిలబడ్డాను. నువ్వే రాసుకున్నావు. మాతా జవారాకెళ్ళి కొబ్బరిముక్క తిన్నానని సెప్పినాను. నాను తిననేదు. ఆ ఊరేగింపుకి వెళ్ళనేదు. కిటికీలోంచి చూసినాను, చూస్తే కళ్ళు పోవు కదా. అది పచ్చి ఝూఠ్. ఆ ఒప్పుకోలు నాను వెనక్కి తీసుకుంటున్నాను.”

ఆమె గుడ్డ విప్పి పిల్ల పాదం పైకెత్తింది.

“చూడండి. అందరూ చూడండి. నా గుంటడికి ఇలాగే ఉండీవి. ఒక్కలాగే. అప్పుడు నాను చెయ్యనిది, ఇప్పుడు నా కోడలు చెయ్యనిది, ఏ పాపం ఇది? ఒంట్లో ఉండవలసిన సామాను ఒకటి లేక ఆగిపోయిన పని ఇది. మా పెళ్ళిళ్ళు చేసిన పెద్దలెవరికీ తెలవదు, నాకు తెలవదు, ఈ పిల్లకి తెలవదు. నాను ఈ మందిరంలో చేసిన పాపం ఒక్కటే. లేని పాపం ఉందని దేవుని ఎదట సెప్పినాను. అది నా చేత సెప్పించింది మీరు.”

ఏలియా మొహం ఎర్రబడింది. చేతులు బల్ల అంచు పట్టుకున్నాయి. “అమ్మా, ఏం మాటాడుతున్నావో తెలుసా? ఆ ఒప్పుకోలు మీదే బిడ్డకి లోపల చోటిచ్చినాం. అబద్ధం సెప్పి గోడ లోపల పెట్టించినావా?”

“అవును. పెట్టించినాను. మరేటి చేస్తావు, తవ్వి బయట పెడతావా?” శాంతమ్మ గొంతు పెరిగింది. “రా. ఇయ్యాలే రా. గడ్డపార పట్టుకుని నువ్వే రా అన్నియ్యా, చోటు నేను చూపిస్తాను. తొమ్మిది దినాల గుంటడి ఎముకలు, ముప్ఫై తొమ్మిదేళ్ళయినాది, ఏటి మిగులుతాదో ఏరుకుందాం ఇద్దరం.”

ఎవరో ముసలమ్మ “ఓలమ్మా” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏలియా తల దించుకున్నాడు. అప్పుడే పిల్ల ఏడవటం మొదలుపెట్టింది. రెండు నెలల కిందట పిల్లికూత లాంటి ఏడుపు, ఇప్పుడు రేకుల కప్పుకి తగిలే ఏడుపు. గోడ గడియారంలో పదకొండు. రత్న లేచి వచ్చి అత్త చేతుల్లోంచి పిల్లని తీసుకుంది. మగవాళ్ళ వరస లోంచి దానియేలు డబ్బా పట్టుకుని అందరి మధ్య నుంచి నడిచి వచ్చాడు. మూత తియ్యగానే గుడ్డు వాసన మందిరమంతా పరుచుకుంది. నలుగురైదుగురు ముక్కులు మూసుకున్నారు.

“శ్రమదినాలమ్మా,” అంది వెనకనుంచి ఒకామె, కొంచెం బతిమాలుతున్నట్టు.

“పెద్దలకి. దీని శ్రమదినాలు పుట్టకముందే అయిపోయినాయి,” అంది శాంతమ్మ.

రత్న గొట్టం పైకి పట్టుకుంది. పసుపుపచ్చటి పాలు నెమ్మదిగా దిగుతున్నాయి. ఏడుపు ఆగింది. పిల్ల సగం మూసిన రెప్పల కిందనుంచి బల్ల మీది దీపం కేసి చూస్తోంది. ఒక్కరూ లేచి బయటికి వెళ్ళలేదు. ఆ మూడు నాలుగు నిమిషాలూ సంఘం మొత్తం ఆ పాలు దిగడం చూస్తూ కూర్చుంది.

“ప్రతిష్ఠ మీరు చేస్తే చెయ్యండి, నేకపోతే మేం చేసుకుంటాం,” అంది శాంతమ్మ, డబ్బా ఖాళీ అయ్యాక. “దీని పేరు కెజియా. తల్లి పెట్టుకున్న పేరు. ఇంకొకటి కూడా ఉన్నాది. ఆ గోడ లోపల పడుకున్న గుంటడికి కూడా పేరు కావాలి. వాడి పేరు...”

ఆగిపోయింది. పేరు లేదు. ఇన్నేళ్ళూ వాడిని తలుచుకున్నప్పుడల్లా నాన్నా అనుకుంది తప్ప పేరు పెట్టుకునే ధైర్యం చెయ్యలేదు. ఇంత మందిని ఎదిరించి వచ్చి, తన బిడ్డకి చెప్పడానికి ఒక పేరు లేక నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు అప్పుడు వచ్చాయి.

“గిద్యోను,” అన్నాడు దానియేలు.

ఆమె తిరిగి చూసింది. ఖాళీ డబ్బా గుండెకి ఆనించి పట్టుకుని ఉన్నాడు.

“నువ్వు మంచం మీద ఉన్నప్పుడే అనుకున్నాను. గిద్యోను పెడదామని. నలభయ్యో దినం సెప్దామనుకున్నాను.”

“ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నావా?”

“నోరు రానేదే.”

శాంతమ్మకి ఆ మనిషి మీద ఎంత జాలి కలిగిందో అంత కోపమూ వచ్చింది. దేన్నీ దాచుకోలేదు. “అప్పుడు రానేదు. ఇప్పుడొచ్చింది కదా, గట్టిగా సెప్పు. వెనకోళ్ళకి వినపడాల,” అంది.

“గిద్యోను!” అన్నాడు దానియేలు. గుండెజబ్బు మనిషి అంత గట్టిగా అరవకూడదు. అరిచాడు.

శాంతమ్మ కొంగుతో మొహం తుడుచుకుని ఏలియా వైపు తిరిగింది.

“ఆ పుస్తకం తియ్యి అన్నియ్యా. అప్పుడు రాసింది కొట్టీసి, కింద రెండు పేర్లు రాసుకో.”

ఏలియా బల్ల అంచు వదిలాడు. తర్వాత పుస్తకం ఉన్న బీరువా తాళం కోసం చొక్కా జేబు తడుముకున్నాడు.